కంపెనీల నేరములు – ప్రభుత్వముల ఉపేక్ష

వాణిజ్య సంస్థలు తమ వ్యాపార నిర్వహణములో భాగముగా, తమ లాభముకొఱకు, తమ ఉద్యోగుల ద్వారమున చేయు శిక్షార్హములైన పనులను కంపెనీల నేరములని వ్యవహరింతురు. గుమాస్తా యొకడు యజమాని పెట్టెలోని ధనమును అపహరించుట ఈ కోవకు చేరదు. అందు సంస్థయే బాధితురాలు. సంస్థయే లెక్కలు తాఱుమాఱు చేసి మదుపరులను వంచించుట, విషరసాయనమును నిలువచేసిన ట్యాంకునకు గల రక్షణ సాధనములను ఖర్చునకు వెఱచి ఆపివేయుట, మందునకు గల వ్యసనకారక గుణమును దాచి వైద్యులచేత దానిని విరివిగా వ్రాయించుట, మాదకద్రవ్య వర్తకుల దొంగసొమ్మును తన ఖాతాలలో దొరసొమ్ముగా మార్చుట మొదలగునవి ఈ వ్యాసమునకు విషయములు. ఇట్టి నేరములపట్ల ప్రభుత్వములు చూపుచు వచ్చిన మెత్తదనమును, సంస్థలను నడపు పెద్దలు ఎంతవఱకు వ్యక్తిగతముగా జవాబుదారులగుచున్నారను ప్రశ్నను ఇచ్చట పరిశీలింతము.

ఈ మెత్తదనము సాధారణముగా చట్టములో కానరాదు. చట్టపు పుటలు చాలవఱకు కఠినముగనే యుండును. ఏ సెక్షను క్రింద అభియోగము మోపవలయును, ఎవరిపై మోపవలయును, మోపిన పిదప విచారణకు పోవలయునా రాజీకి పోవలయునా అను నిర్ణయములు న్యాయమూర్తి యెదుటికి వ్యవహారము రాకమునుపే ప్రభుత్వ కార్యాలయములలో జరిగిపోవును. న్యాయస్థానము తుదకు విధించు శిక్ష అల్పమైనప్పుడు ప్రజలు న్యాయమూర్తిని నిందింతురు గాని, పూర్వాపరములను విచారించిన, అధిక సందర్భములలో ఆ అల్పత్వము ఛార్జిషీటు వ్రాయబడిన నాడే నిశ్చయమైనట్లు తెలియవచ్చును.

పూర్వరంగము

వర్తకులు గుంపుగూడి చేయు అపరాధము రాజదండమునకు లోబడవలయునను భావము మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ అధికరణము దొంగలతో కాక చేతిపనివారితోను వర్తకులతోను ప్రారంభమగుచున్నది. వర్తకులు ఏకమై సరకును నిలువబెట్టి అన్యాయమైన వెలకు అమ్మినయెడల వేయి పణముల దండము విధింపవలయునని అందు కలదు. అనగా, ఒక్కొక్కడు చేసిన తప్పుకంటె పదిమంది కలసి చేసిన తప్పు రాజ్యమునకు ఎక్కువ ప్రమాదకరమని ఆ గ్రంథకర్త గుర్తించెను.

ఇంగ్లాండులో 1720లో దక్షిణ సముద్ర కంపెనీ వాటాల ధర ఆకాశమునకెగసి కూలినప్పుడు, పార్లమెంటు మరుసటి ఏట ప్రత్యేక శాసనముచే ఆ కంపెనీ డైరెక్టర్ల ఆస్తులను జప్తు చేయించి, లంచముల ఆరోపణకు గురియైన ఆర్థికమంత్రి జాన్ ఐస్లబీని లండన్ టవరు నందలి చెఱకు పంపెను. మూడువందల యేండ్ల క్రిందటి ఈ కాఠిన్యము తరువాతి కాలమున అరుదయ్యెను. తూర్పు ఇండియా కంపెనీ పాలనలోని అక్రమములకై మాజీ గవర్నరు జనరల్ వారన్ హేస్టింగ్సుపై 1788లో మొదలైన పార్లమెంటరీ విచారణ ఏడేండ్లు సాగి, 1795లో ఆయన నిర్దోషిత్వ ప్రకటనతో ముగిసెను. పిమ్మట ఆ కంపెనీయే ఆయనకు వార్షిక భృతి నేర్పఱచెను. 19వ శతాబ్దమున పరిమిత బాధ్యత గల కంపెనీలు వెలసి, 1896లో సాలమన్ వ్యాజ్యమున ప్రభువుల సభ కంపెనీ వేఱు, దాని యజమానులు వేఱు అని తీర్పు చెప్పుటతో, వ్యాపారమునకు గొప్ప వసతి యేర్పడెను. అప్పునుండి యజమానిని కాపాడుటకు పుట్టిన ఆ యడ్డుగోడ, కాలక్రమమున నేరమునుండి గూడ ఆతనిని కాపాడుటకు ఉపయోగపడసాగెను.

కంపెనీకి నేరబుద్ధి గలదా?

నేరమునకు చేష్టతో పాటు దుర్బుద్ధి యుండవలయునని న్యాయశాస్త్రము చెప్పును. శరీరము లేని కంపెనీకి బుద్ధి యెక్కడిది? ఈ ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు 1909లో న్యూయార్క్ సెంట్రల్ రైల్వే వ్యాజ్యమున సూటిగా సమాధానమిచ్చెను: ఉద్యోగి తన అధికార పరిధిలో, సంస్థ ప్రయోజనార్థము చేసిన నేరము సంస్థ నేరమే యగును. ఇంగ్లాండు న్యాయస్థానములు వేఱు త్రోవ త్రొక్కినవి. సంస్థను నడపు శిరస్సు వంటి అధికారి యొక్కడు స్వయముగా దోషియని తేలిననే సంస్థ దోషియగునని 1915 నాటి లెనార్డ్ తీర్పునుండి 1971 నాటి టెస్కో తీర్పువఱకు స్థిరపడెను.

ఈ సూత్రము యొక్క ఫలము 1987లో లోకమునకు తెలిసినది. ఆ యేడు మార్చి 6వ తేది రాత్రి బెల్జియములోని జేబ్రగ్గె రేవునుండి బయలుదేఱిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అను ఓడ, ముందు తలుపులు మూయకయే సముద్రములోనికి పోయి, నిమిషముల వ్యవధిలో ఒఱగి పడిపోగా 193 మంది మరణించిరి. తలుపులు మూయవలసిన నావికుడు తన గదిలో నిద్రించుచుండెను. కాని అంతకు పూర్వమే ఆ కంపెనీ కెప్టెన్లు, తలుపులు మూయబడినవో లేదో తమకు తెలియుటకై ఓడ నడపు గదిలో చిన్న దీపముల నమర్పుడని పైవారికి వ్రాసియుండిరి. పైవారు ఆ కోరికను పరిహాసముగా త్రోసిపుచ్చిరి. వాటికి కావలసిన వ్యయము అత్యల్పము. 1990లో విచారణ జరిగినప్పుడు, పై అధికారులలో ఏ యొక్కనిపైనను నేరము నిలువదు గనుక కంపెనీపై గూడ నిలువదని న్యాయమూర్తి తేల్చెను. అశ్రద్ధ పదిమంది నడుమ పంపకమైనది. ఒక్కొక్కని వంతు శిక్షకు చాలనిదాయెను. నాలుగేండ్ల తరువాత, లైమ్ అఖాతమున పడవ శిక్షణలో నలుగురు విద్యార్థులు మునిగి చనిపోయిన వ్యాజ్యమున ఇంగ్లాండులో తొలిసారిగా ఒక కంపెనీ నరహత్యా దోషమునకు శిక్షింపబడెను. అది మేనేజింగ్ డైరెక్టరొక్కడే సర్వమును చూచుకొను చిన్న సంస్థ. కావున ఈ సూత్రము చిన్నవానిని పట్టి పెద్దవానిని విడుచునదిగా పరిణమించెననుట అతిశయోక్తి కాదు. 2007లో ఆ దేశము కంపెనీల నరహత్యా శాసనమును చేసినను, అది సంస్థకు జుల్మానా విధించునే గాని డైరెక్టరును జైలుకు పంపదు.

ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించిన వారిలో ప్రథముడు అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ సదర్లాండ్. పేదఱికమే నేరమునకు మూలమను నాటి సిద్ధాంతమును ఆయన 1939 డిసెంబరులో తన అధ్యక్షోపన్యాసమున ఖండించి, గౌరవనీయులైన ధనికులు తమ వృత్తిలోనే చేయు నేరములకు తెల్లచొక్కా నేరములను పేరు పెట్టెను. 1949లో ప్రకటించిన గ్రంథమున ఆయన 70 పెద్ద కంపెనీల చరిత్రను శోధించి, వాటికి వ్యతిరేకముగా న్యాయస్థానములును ప్రభుత్వ సంఘములును ఇచ్చిన 980 నిర్ణయములను లెక్కించెను. ప్రకాశకులు పరువునష్టపు దావాలకు వెఱచి ఆ కంపెనీల పేర్లను తొలగింపజేసిరి. పేర్లతో కూడిన సంపూర్ణ ప్రతి 1983లో గాని వెలువడలేదు. అప్పటికి గ్రంథకర్త గతించి మూడు దశాబ్దములు దాటినది. పండితుని పరిశోధన గ్రంథమే కంపెనీల పేరెత్తుటకు జంకవలసివచ్చిన కాలమున, అధికారులు జంకుట ఆశ్చర్యము కాదు.

అమెరికా: ఒప్పందముల యుగము

అమెరికా చట్టము కంపెనీలను శిక్షించుటకు ఇంగ్లాండు చట్టముకంటె అనువైనదైనను, గడచిన పాతికేండ్లుగా ఆ దేశపు న్యాయశాఖ ఆ యధికారమును వాడుటకు వెనుకాడుచు వచ్చినది. ఇందుకు ముఖ్యకారణముగా ఆర్థర్ ఆండర్సన్ ఉదంతమును చెప్పుదురు. ఎన్రాన్ కంపెనీ లెక్కలను తనిఖీచేసిన ఈ మహాసంస్థ, కాగితములను ధ్వంసము చేసిన నేరమునకై 2002 జూనులో శిక్షింపబడగా, దాని వ్యాపారము కుప్పకూలి, ప్రపంచ వ్యాప్తముగా సుమారు 85 వేలమంది పనిచేయు సంస్థ విచ్ఛిన్నమాయెను. 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసెను గాని అప్పటికి సంస్థ మిగులలేదు. ఈ యనుభవమునుండి న్యాయశాఖ గ్రహించిన పాఠము, నేరము చేసినవారిని విడివిడిగా పట్టుకొనవలయుననునది గాక, సంస్థను న్యాయస్థానమునకు ఈడ్వరాదనునది అయ్యెను. నా యభిప్రాయమున ఇది తప్పుడు పాఠము.

దాని ఫలితముగా అభియోగ వాయిదా ఒప్పందము ప్రబలినది. ప్రభుత్వము అభియోగ పత్రమును దాఖలు చేయును. కంపెనీ వాస్తవములను అంగీకరించి, ధనము చెల్లించి, రెండు మూడేండ్లు సత్ప్రవర్తనతో మెలగుదునని మాట యిచ్చును. గడువు ముగిసిన పిదప అభియోగము ఉపసంహరింపబడును. తొలుత బాలనేరస్థులకును, వ్యసనపరులైన చిన్న ముద్దాయిలకును రెండవ అవకాశ మిచ్చుటకు పుట్టిన పద్ధతి, ఈ విధముగా ప్రపంచమునందలి అతిపెద్ద సంస్థలకు ఆశ్రయమైనది.

2012 డిసెంబరులో హెచ్.ఎస్.బి.సి. బ్యాంకుతో జరిగిన ఒప్పందము ఇందుకు ప్రసిద్ధోదాహరణము. మెక్సికోలోని మాదకద్రవ్య ముఠాలు ఆ బ్యాంకు శాఖలలో ప్రతిదినమును లక్షల డాలర్ల నగదును జమచేయుచుండెననియు, నోట్లు పెట్టి తెచ్చు పెట్టెలను బ్యాంకు కౌంటరు కిటికీ కొలతకు సరిగా సరిపోవునట్లు ప్రత్యేకముగా చేయించుకొనిరనియు న్యాయశాఖయే వెల్లడించెను. కనీసము 88 కోట్ల డాలర్ల మాదకద్రవ్య ధనము ఆ బ్యాంకు గుండా ప్రవహించినది. బ్యాంకు సుమారు 190 కోట్ల డాలర్లు చెల్లించెను. ఏ యధికారియు విచారణకు నిలువలేదు. ఐదేండ్ల పిదప అభియోగములు మాఫీ అయినవి. 2013 మార్చిలో, అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ సెనేటు సంఘము ముందు, కొన్ని సంస్థలు ఎంతో పెద్దవగుటచేత వాటిపై అభియోగము మోపుట దేశ ఆర్థిక వ్యవస్థకు హాని కలిగించునేమోయని వెనుకాడవలసి వచ్చుచున్నదని ఒప్పుకొనెను. అదే దేశమున కొలది గ్రాముల మత్తుమందు దొరకిన నిరుపేద యువకులు ఏండ్ల తరబడి జైళ్ళలో మ్రగ్గుచుండగా, ఈ వాక్యము న్యాయశాఖాధిపతి నోట వెలువడుట మిక్కిలి విచారకరము.

2008 నాటి ఆర్థిక సంక్షోభమునకు సంబంధించి వాల్‌స్ట్రీటు పెద్దలలో జైలుకు పోయినవాడు క్రెడిట్ సూయిస్ బ్యాంకు ఉద్యోగి కరీం సెరాగెల్డిన్ ఒక్కడే యని చెప్పుదురు. ఆతనికి 2013లో ముప్పది నెలల శిక్ష పడెను. పర్డ్యూ ఫార్మా అను మందుల కంపెనీ ఆక్సీకాంటిన్ మాత్రకు వ్యసన భయము తక్కువయని అబద్ధమాడినట్లు 2007లో ఒప్పుకొని సుమారు 60 కోట్ల డాలర్లు చెల్లించినది. దాని ముగ్గురు పై అధికారులు చిన్న తరగతి నేరమును అంగీకరించి, జైలు లేకుండ బయటపడిరి. ఆ కంపెనీ పాఠము నేర్చుకొన్నదా యనిన, 2020లో అదే మందు విషయమున మరల నేరాంగీకారము చేయవలసివచ్చెను. ఈ నడుమ కాలమున ఆ జాతి మందుల వ్యసనముచే మరణించిన అమెరికన్ల సంఖ్య లక్షలకు చేరినది. 2018, 2019 సంవత్సరములలో బోయింగ్ 737 మాక్స్ విమానములు రెండు కూలి 346 మంది మరణింపగా, విమానమును క్రిందికి వంచు యంత్రాంగమును గూర్చిన సమాచారమును ప్రభుత్వ తనిఖీదారులకు దాచినందులకు బోయింగ్ 2021 జనవరిలో 250 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనెను. అందు నేరమునకై చెల్లించిన జుల్మానా 24 కోట్లకు కొంచెము మించినది మాత్రమే. తక్కిన దానిలో అధికభాగము విమానములను కొనిన సంస్థలకు నష్టపరిహారముగా పోయెను. విచారణకు నిలిచినవాడు సాంకేతిక విభాగపు పైలట్ ఒక్కడు. జ్యూరీ ఆతనిని నిర్దోషిగా విడిచెను. కంపెనీ ఒప్పందమును ఉల్లంఘించినదని 2024లో న్యాయశాఖయే నిర్ణయించియు, 2025లో మరల విచారణ లేని ఒప్పందమునకే మొగ్గెను.

పెద్దలను శిక్షించుట అసాధ్యమను వాదము నిజము కాదు. 1980వ దశకాంతమున అమెరికాలో పొదుపు బ్యాంకులు దివాలా తీసినప్పుడు వెయ్యిమందికి పైగా శిక్షలు పడినవి. ఎన్రాన్ అధిపతి జెఫ్రీ స్కిల్లింగ్‌కు 2006లో 24 ఏండ్ల శిక్ష పడి, పిదప 14 ఏండ్లకు తగ్గింపబడెను. మూడులక్షల పైచిలుకు జనాభా గల ఐస్లాండు దేశము తన బ్యాంకుల అధిపతులను న్యాయస్థానమున నిలిపి జైలుకు పంపినది. వేరుసెనగ ముద్దలో విషక్రిములున్నవని తెలిసియు విక్రయించి, తొమ్మిదిమంది మరణమునకు కారకుడైన ఒక కంపెనీ యజమానికి 2015లో అమెరికా న్యాయస్థానము 28 ఏండ్ల శిక్ష విధించెను. ఆహారౌషధముల చట్టము క్రింద, తప్పును నివారించు అధికారముండియు నివారింపని పై యధికారి స్వయముగా దోషి యగునని అమెరికా సుప్రీంకోర్టు 1943లోను, గిడ్డంగిలో ఎలుకల బెడదకు సంబంధించిన పార్క్ వ్యాజ్యమున 1975లోను స్పష్టముగ చెప్పియున్నది. మార్గము లేకపోలేదు, నడచువారే అరుదు.

భారతదేశము

స్వాతంత్ర్యానంతరము తొలి దశకములలో మన రిపబ్లిక్కు ఈ విషయమున కొంత తీవ్రతనే చూపెను. జీవిత బీమా సంస్థ ధనమును హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాలలో పెట్టిన ఉదంతమును 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో బయటపెట్టగా, న్యాయమూర్తి చాగ్లా బహిరంగ విచారణ జరిపి వారముల వ్యవధిలో నివేదిక సమర్పించెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేసెను. రామకృష్ణ దాల్మియా బీమా కంపెనీ నిధుల దుర్వినియోగమునకై రెండేండ్ల శిక్ష అనుభవించెను. 1966లో లా కమిషన్ సాంఘిక ఆర్థిక నేరములను గూర్చి ప్రత్యేక నివేదిక వెలువరించెను. ఈ తీవ్రత నిలిచియుండినచో భోపాలు కథ వేఱుగా నుండెడిదేమో.

1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారమున, 610 సంఖ్య గల ట్యాంకులోనికి నీరు చొరబడి, సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేటు వాయువుగా మారి నిద్రించుచున్న బస్తీలపై క్రమ్ముకొనెను. ఆ ట్యాంకును చల్లగా నుంచవలసిన శీతలీకరణ యంత్రము నెలల తరబడి ఆపివేయబడియుండెను. వెలువడు వాయువును మండించివేయవలసిన గోపురము మరమ్మతునకై విడదీయబడియుండెను. రాజ్‌కుమార్ కేస్వానీ యను స్థానిక పత్రికా రచయిత 1982 నుండియు, ఈ నగరము అగ్నిపర్వతముపై కూర్చున్నదని తన చిన్న పత్రికలో హెచ్చరించుచునే యుండెను. తొలి మృతుల సంఖ్య 3,787 అని రాష్ట్ర ప్రభుత్వము లెక్కవేసెను. పిదప పరిహారము పొందిన మరణములే ఐదువేలు దాటినవి. బాధితుల సంఘములు చెప్పు సంఖ్య ఇంతకు ఎన్నియో రెట్లు.

ఈ కర్మాగారమును నడపిన భారతీయ కంపెనీలో అమెరికాలోని మాతృసంస్థకు 50.9 శాతము వాటా యుండెను. ఆ మాతృసంస్థ అధ్యక్షుడు వారన్ ఆండర్సన్ డిసెంబరు 7వ తేదిన భోపాలునకు రాగా, పోలీసులు ఆయనను నిర్బంధించి కంపెనీ అతిథిగృహమున ఉంచి, ఆ దినముననే 25 వేల రూపాయల పూచీకత్తుపై విడిచిపెట్టిరి; రాష్ట్ర ప్రభుత్వపు విమానమే ఆయనను ఢిల్లీకి చేర్చెను. శవదహనములు ఇంకను ముగియని నగరమునుండి ప్రధాన నిందితుడు ప్రభుత్వ విమానమున సాగనంపబడుట ఈ చరిత్రలో అన్నిటికంటె బాధాకరమైన ఘట్టము. తరువాతి మూడు దశాబ్దములలో ఆయన మరల భారత న్యాయస్థానము ముందు నిలువలేదు. 1992లో భోపాలు మేజిస్ట్రేటు ఆయనను పరారీలోనున్న ముద్దాయిగా ప్రకటించెను. అప్పగింతకై అమెరికాకు మన ప్రభుత్వము విజ్ఞప్తి పంపినది 2003లో. అనగా, పదునొకండేండ్లు గడచిన తరువాత. మరుసటి ఏట అమెరికా దానిని తిరస్కరించెను. 2014 సెప్టెంబరులో ఆయన ఫ్లారిడాలో మరణించెను.

1985లో చేసిన ప్రత్యేక చట్టముచే కేంద్ర ప్రభుత్వము బాధితులందఱి తరఫున దావా వేయు హక్కును తానే తీసికొనెను. 330 కోట్ల డాలర్లు కోరిన ప్రభుత్వము, 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు 47 కోట్ల డాలర్లకు రాజీపడెను, బాధితులను సంప్రదింపలేదు. క్రిమినల్ కేసులు గూడ ఆ రాజీలో భాగముగా కొట్టివేయబడినవి. ప్రజల ఆందోళన ఫలితముగా 1991లో సుప్రీంకోర్టు క్రిమినల్ కేసులను పునరుద్ధరించినను, సొమ్మును పెంచలేదు. బాధితులలో అత్యధికులకు ముట్టినది మొదట తలకు 25 వేల రూపాయలు.

ఇక సెక్షను సంగతి. సి.బి.ఐ. ఛార్జిషీటు మొదట భారత శిక్షాస్మృతి 304వ సెక్షను రెండవ భాగము క్రింద, అనగా మరణము సంభవింపగలదని తెలిసి చేసిన నరహత్య క్రింద, దాఖలయ్యెను. దానికి నాడు పదేండ్ల వఱకు శిక్ష యుండెను. 1996లో సుప్రీంకోర్టు దీనిని 304-ఎ, అనగా నిర్లక్ష్యముచే కలిగిన మరణము క్రిందికి తగ్గించెను. దానికి నాటి గరిష్ఠ శిక్ష రెండేండ్లు. ఆ కాలమున రహదారి ప్రమాదమునకు లారీ డ్రైవరుపై పెట్టుచుండిన సెక్షను అదియే. ఈ తగ్గింపుపై ప్రభుత్వము గాని సి.బి.ఐ. గాని తగిన కాలమున పోరాడలేదు. 2010 జూన్ 7న భోపాలు మేజిస్ట్రేటు, భారతీయ కంపెనీ అప్పటి ఛైర్మన్ కేశవ్ మహీంద్రాతో సహా ఏడుగురు అధికారులకు రెండేండ్ల జైలు, లక్ష రూపాయలకు కొంచెము మించిన జుల్మానా విధించెను. వారందఱు అక్కడికక్కడనే జామీనుపై విడుదలయిరి. దేశమంతట ఆగ్రహము చెలరేగిన తరువాత సి.బి.ఐ. మరల సుప్రీంకోర్టు నాశ్రయింపగా, పదునాలుగేండ్లు ఎందుకు మిన్నకుండిరో సంతృప్తికరముగ చెప్పలేదని న్యాయస్థానము 2011లో ఆ పిటిషనును త్రోసివేసెను. 1996 తీర్పు ఉన్నను, సాక్ష్యమును బట్టి విచారణ న్యాయస్థానము పెద్ద అభియోగమును చేర్పవచ్చునని గూడ ఆ సందర్భముననే చెప్పెను.

భోపాలు తరువాత చట్టములు కొంత పదునెక్కినవి. 1986 డిసెంబరులో ఢిల్లీ ఓలియం వాయు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడపువారికి పూర్ణబాధ్యత కలదని నిర్ణయించెను. 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, కంపెనీ విషయమున డైరెక్టరొకడే కర్మాగారమునకు బాధ్యుడుగా పరిగణింపబడవలయునని శాసించిరి. అంతకుమునుపు డైరెక్టర్లు ఎవరో యొక ఉద్యోగి పేరును బాధ్యుడుగా వ్రాయించి తాము తప్పించుకొనుచుండిరి. ఆ సవరణను సవాలు చేసిన కంపెనీల వాదమును 1996లో సుప్రీంకోర్టు తిరస్కరించెను. జైలు తప్పనిసరియైన నేరములలో గూడ కంపెనీని విచారించి జుల్మానా విధింపవచ్చునని 2005లో రాజ్యాంగ ధర్మాసనము తేల్చెను.

తెలుగునాట జరిగిన రెండు ఉదంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ప్రభుత్వము ఎప్పుడు కదలును, ఎప్పుడు నిదానించును అనునది బోధపడును. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి బి. రామలింగరాజు, తమ లెక్కలలో వేలకోట్ల రూపాయలు కల్పితములని స్వయముగా లేఖ వ్రాసెను. రెండు దినములలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆయనను అరెస్టు చేసిరి; అదే దినమున కేంద్రము డైరెక్టర్ల బోర్డును రద్దుచేసి, మఱి రెండు దినములలో క్రొత్తవారిని నియమించెను; మూడు నెలలలో కంపెనీ వేఱొకరి చేతికి పోయి ఉద్యోగములు నిలిచినవి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందికి ఏడేండ్ల శిక్ష విధించెను. మరుసటి నెలలోనే పై న్యాయస్థానము ఆ శిక్షను నిలిపి జామీనిచ్చుట వేఱు సంగతి. దర్యాప్తు మాత్రము చుఱుకుగా సాగినది. బాధితులు మదుపరులును, విదేశీ ఖాతాదారులును, దేశపు సాఫ్ట్‌వేరు ప్రతిష్ఠయును గనుక ప్రభుత్వము పరుగెత్తెను. ఆర్థర్ ఆండర్సన్ సంస్థ కూలుట చూచి పాఠము తప్పుగా నేర్చిన వారికి, సంస్థను నిలిపి పెద్దలను పట్టుకొనవచ్చునని చూపిన ఉదాహరణము గూడ ఇదియే.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణము శివారున ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమున స్టైరీను ట్యాంకు వేడెక్కి, ఆవిరి ఊరిపైకి వెలువడగా, పండ్రెండుమంది మరణించిరి. వందలాది ప్రజలు రోడ్లపై సొమ్మసిల్లి పడిపోయిరి. హెచ్చరిక సైరను మ్రోగలేదు. తమకు చెల్లుబాటగు పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్టున ఒప్పుకొనియుండెను. అయినను కర్మాగారము నడచుచునే యుండెను. జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమచేయుడని వెంటనే ఆదేశించెను. మృతుల కుటుంబములకు కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వము చెల్లించెను. కంపెనీ ముఖ్యాధికారితో సహా పండ్రెండుగురు అరెస్టయినది జూలై 7న, ఉన్నతాధికార సంఘము నివేదిక యిచ్చిన మరునాడు. అనగా, సరిగా రెండు నెలలకు. మరుసటి నెలలో హైకోర్టు వారికి జామీనిచ్చెను. సత్యం విషయమున రెండు దినములు, వెంకటాపురము విషయమున రెండు నెలలు: లెక్కలలో సున్నలు చేర్చిన నేరమునకు గల వేగము, మనుష్యుల ఊపిరి తీసిన నేరమునకు లేకపోయెను.

ఇటీవలి శాసనముల ధోరణి ఉపేక్షను కార్యాలయములనుండి చట్టపు పుటలకే ఎక్కించుచున్నది. 2023 ఆగస్టులో చేసిన జన విశ్వాస్ చట్టము 42 చట్టములలోని 183 నిబంధనలను సవరించి, అనేక నేరములకు జైలును తొలగించెను. చిన్న వర్తకునికి కాగితపు పొరపాటున కారాగార భయము తప్పించుట మంచి పనియే. కాని పర్యావరణ పరిరక్షణ చట్టమునందలి ఐదేండ్ల జైలును తీసివేసి, దాని స్థానమున పదివేల నుండి పదునైదు లక్షల రూపాయల వఱకు జరిమానాను నిలుపుట చిన్న వర్తకుని కొఱకు చేసిన పని కాదు. భోపాలు అనంతరము పుట్టిన చట్టమది. అదే యేడు జూన్ 8న రిజర్వు బ్యాంకు వెలువరించిన ఉత్తర్వు, శక్తియుండియు బుద్ధిపూర్వకముగా అప్పు ఎగవేసిన వారితో గూడ బ్యాంకులు రాజీ చేసికొనవచ్చునని అనుమతించినది. క్రిమినల్ చర్యలు ఆగవని అందు వ్రాసియున్నను, ఇరువది వేల పంటరుణమునకు గుమ్మము ముందు బ్యాంకు మనుష్యుని చూచి తలవంచుకొను రైతునకు ఇట్టి ఉత్తర్వు ఏ యర్థమిచ్చును?

కారణములు, ప్రతిక్రియలు

ఉపేక్షకు కారణములు పెక్కు. ఉద్యోగములు పోవునను భయము, పెట్టుబడి తరలిపోవునను బెదరు, పత్రముల కొండలను చదువుటకు తగిన దర్యాప్తు సిబ్బంది లేమి అందఱును చెప్పునవి. చెప్పనిది ఎన్నికల ధనము. 2017 వఱకు కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో 7.5 శాతమునకు మించి రాజకీయ పక్షములకు ఇయ్యరాదను హద్దు ఉండెను. ఆ యేడు ఆ హద్దును తొలగించి, ఇచ్చువారి పేరు తెలియని బాండ్లను ప్రవేశపెట్టిరి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ రెండింటిని రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసినది. తనకు ధనమిచ్చు వానిపై ఛార్జిషీటు వ్రాయవలసిన ప్రభుత్వము ఏ సెక్షనును ఎన్నుకొనునో ఊహించుట కష్టము కాదు.

జుల్మానా యొక్క లోపము గూడ గుర్తింపదగినది. కంపెనీ చెల్లించు సొమ్ము వాటాదారులది; నిర్ణయము చేసిన వాని జేబునుండి కాసైన కదలదు. హెచ్చు లాభము వచ్చు తప్పునకు జుల్మానా ఒక ఖర్చు పద్దుగా మాఱును. అందుచేతనే 2015లో అమెరికా న్యాయశాఖ, సంస్థతో రాజీకి పూర్వము బాధ్యులైన వ్యక్తుల పేర్లు బయటపెట్టవలయునని తన న్యాయవాదులను ఆదేశించెను. ఆ యాదేశము తరువాతి ప్రభుత్వము క్రింద సడలిపోయెను. ఇంగ్లాండు 2023లో చట్టము మార్చి, పై యధికారి నేరమును సంస్థకు అంటగట్టుట సులభతరము చేసెను. మోసమును నివారింపలేకపోవుటయే నేరమను నిబంధన 2025 సెప్టెంబరు 1 నుండి పెద్ద సంస్థలకు అమలైనది. అమెరికా మాత్రము 2025లో విరుద్ధదిశగా నడచి, విదేశీ లంచముల చట్టము క్రింద క్రొత్త కేసులను కొంతకాలము నిలిపివేసెను.

భారతదేశమునకు కావలసినది క్రొత్త నిషేధముల పట్టిక కాదు. ప్రమాదకర పరిశ్రమలలో మరణము సంభవించిన ప్రతి వ్యాజ్యమునను ఏ సెక్షనును ఎందుకు ఎన్నుకొనిరో, ఎందుకు తగ్గించిరో ప్రభుత్వ న్యాయవాది వ్రాతమూలముగ కారణము చెప్పవలయును. ఆ కారణమును బాధితులు న్యాయస్థానమున ప్రశ్నించు హక్కు కలిగియుండవలయును. బాధితులను సంప్రదింపని ఏ రాజీయు చెల్లరాదు. ఈ మూడును శాసనసభల చేతిలోని పనులు.

భోపాలు కర్మాగారపు ఆవరణలో నలుబది యేండ్లు పడియుండిన 337 టన్నుల విషవ్యర్థములను 2025 జనవరిలో పీథంపురమునకు తరలించి, ఆ యేడు మధ్యకు దహనము పూర్తిచేసిరి. అందులకైన వ్యయమును యూనియన్ కార్బైడ్ గాని, 2001లో దానిని కొనిన డౌ కెమికల్ గాని చెల్లింపలేదు; భారత ప్రజల ఖజానా చెల్లించెను.